గుండీ, సీసపు గుండు, రాగి నాణెం: గుర్తించడంలో సహాయం కావాలి

యజమాని అనుమతితో ఒక పొలంలో మెటల్ డిటెక్టరుతో వెతుకుతుండగా, జానెడు లోతులోపే, దగ్గర దగ్గరగా మూడు వస్తువులు దొరికాయి. వీటి విషయంలో తెలిసినవారి సలహా కోరుతున్నాను.

సీసపు గుండు గురించి పెద్దగా సందేహం లేదు. తెల్లటి పొర పట్టిన దాని వ్యాసం సుమారు 17.5 మిల్లీమీటర్లు ఉండటం వల్ల బ్రౌన్ బెస్ అనే పాతకాలపు బ్రిటిష్ సైనిక తుపాకీదనే అనుకుంటున్నాను. గుండీపై 4 అంకె, పక్కనే చిలుము కింద మరో అంకె జాడ ఉన్నాయి. బ్రిటిష్ సైన్యంలో సాధారణ సిపాయిల గుండీలపై రెజిమెంటు సంఖ్యలు 1871లో పోయినా అధికారులకు 1881 వరకు కొనసాగాయి కనుక, ఇది ఎవరిదో తేల్చడానికి వెనుకవైపు ఏ గుర్తులు చూడాలి?

అసలు చిక్కంతా నాణెంతోనే. ఏటవాలు వెలుగులో పట్టుకుంటే కుడివైపు తిరిగిన తల, బ్రిటన్ రాజు జార్జ్ పేరులోని మొదటి రెండు అక్షరాలు మాత్రం కనిపిస్తున్నాయి. మూడవ జార్జ్ కాలపు, 1770ల నాటి హాఫ్ పెన్నీ (అర పెన్నీ విలువైన బ్రిటిష్ రాగి నాణెం) అయితే దాదాపు 9.9 గ్రాములు తూగాలి, ఇది 7 గ్రాములే ఉంది. ఆ కాలంలో దొంగ హాఫ్ పెన్నీలు విరివిగా చెలామణీ అయ్యాయి కాబట్టి, ఈ తరుగు అరుగుదల వల్లనా, నకిలీ కావడం వల్లనా అన్నది, ఉన్న చిలుమును గీకకుండానే ఎలా నిర్ధారించవచ్చో దయచేసి తెలుపగలరు.