బొడ్డుతాడు రక్తం దాచాలా, వద్దా?

హనుమకొండ చందు:
నా భార్యకు ఏడో నెల నడుస్తోంది. మొన్న చెకప్‌కు వెళ్తే ఒక కార్డ్ బ్లడ్ బ్యాంకు ఏజెంటు కలిశాడు. కాన్పప్పుడు బొడ్డుతాడు రక్తం తీసి దాచుకుంటే, అందులోని మూలకణాలతో రేపు బిడ్డకు ఏ రక్తజబ్బు వచ్చినా నయం చేయొచ్చట. ఖర్చు అర లక్ష దాటుతుంది, ఈఎంఐ కూడా ఉందట. మా అత్తమ్మ ‘బిడ్డ కంటే పైసలు ఎక్కువనా’ అంటోంది. ఒకటే టెన్షన్. కట్టాలా, వద్దా?

కాజీపేట ల్యాబ్ అక్క:
కట్టొద్దు తమ్మీ. ఆ రక్తంలో మూలకణాలు ఉండే మాట నిజమే. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ పుట్టేది వాటి నుంచే. 1961లో కెనడాలో టిల్, మెకల్లక్ అనే ఇద్దరు, రేడియేషన్ ఇచ్చిన ఎలుకలకు వేరే ఎలుకల మూలుగ ఎక్కించి, ప్లీహంలో లేచిన బుడిపెలను గమనించారు. ఒక్కో బుడిపె ఒక్కో కణం నుంచే పెరిగిందని తర్వాత తేలింది, మూలకణాలు ఉన్నాయని అలా రుజువైంది.

ఏజెంటు చెప్పని సంగతి ఇంకోటి ఉంది. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లుక్‌మన్ బృందం మొట్టమొదటిసారి బొడ్డుతాడు రక్తం ఎక్కించింది ఫాంకోనీ అనీమియా (మూలుగ పనిచేయకుండా పోయే జన్యుజబ్బు) ఉన్న పిల్లవాడికి. ఆ రక్తం వాడిది కాదు, కొత్తగా పుట్టిన చెల్లెలిది. తలసేమియా, సికిల్ సెల్ లాంటి రక్తజబ్బులు జన్యులోపంతో వచ్చేవి కాబట్టి బిడ్డ సొంత మూలకణాల్లోనూ అదే లోపం ఉంటుంది. ల్యూకేమియాలో, అంటే రక్త క్యాన్సర్‌లో, మరో చిక్కు. దాత నుంచి వచ్చిన రోగనిరోధక కణాలు, మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను పరాయివని పట్టి చంపుతాయి. సొంతవి ఎక్కిస్తే ఆ లాభం పోతుంది. భవిష్యత్తులో సొంత వాడకం కోసం దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లోనే ఉంది.

మంచిర్యాల సురేష్:
అక్కా, మరి ప్రభుత్వం ఆ బ్యాంకులకు లైసెన్సులు ఎందుకు ఇస్తోంది? ఇప్పుడు అందరూ దాచినవి ఒకచోట కలిపి, ఎవరికి సరిపోతే వాళ్లకు ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. మన భారతీయులకు సరిపోయే దాతలు విదేశీ రిజిస్ట్రీల్లో దొరకడం కష్టం. పది మంది దాస్తేనే పదకొండోవాడికి దొరుకుతుంది. దాన్ని దండగ అనడం నాకు నచ్చలేదు.

కాజీపేట ల్యాబ్ అక్క:
లైసెన్సు చూసేది రక్తం సరిగ్గా తీసి, పరీక్షించి, నిల్వ చేస్తున్నారా అన్నదే. నీ బిడ్డకు అది అవసరమని ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు. అందరికీ పనికొచ్చే నిల్వ కావాలంటావా, నేనూ ఒప్పుకుంటా. కానీ దానికి దానం తీసుకునే పబ్లిక్ బ్యాంకు ఉండాలి, కాన్పు ఖర్చుకే అప్పు చేసే ఇంటి మీద ఈఎంఐ పెట్టడం ఏం న్యాయం? పైగా ఒక్క తాడులో వచ్చే కణాలు పెద్దవాళ్లకు చాలాసార్లు సరిపోవు. ఇప్పుడు సగం మాత్రమే సరిపోయే తల్లిదండ్రుల మూలకణాలతో కూడా మార్పిడి చేస్తున్నారు. అది వచ్చాక బొడ్డుతాడు రక్తం వాడకం తగ్గింది.

కరీంనగర్ రమ:
అందరికీ ఒకే మాట చెప్పకండి అక్కా. మా పెద్దోడికి తలసేమియా మేజర్, అంటే ఆ జబ్బు తీవ్రమైన రకం. రక్తం ఎక్కించకుండా నెల గడవదు. మాలాంటి వాళ్లకు రెండో కాన్పులో దాచుకోవడానికి ఐసీఎంఆర్ కూడా అడ్డు చెప్పలేదు. తోబుట్టువుకు హెచ్‌ఎల్‌ఏ (మార్పిడికి సరిపోతుందో లేదో చూసే కణాల గుర్తులు) పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే, అయినా ఆ ఒక్కటి మాకు చాలా పెద్దది.

కాజీపేట ల్యాబ్ అక్క:
రమా, నువ్వన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంట్లో జబ్బు ఉన్నవాళ్ల లెక్క వేరు. ఒకవేళ దాచలేకపోయినా దిగులుపడకు. హెచ్‌ఎల్‌ఏ కలిసి, చిన్నదానికి ఆ జబ్బు లేకపోతే, తర్వాత దాని మూలుగ నుంచి కూడా కణాలు తీయొచ్చు.

చందూ, నువ్వు ముందు చేయాల్సింది మీ ఇద్దరికీ హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్ష. ఇద్దరూ తలసేమియా క్యారియర్లు (జబ్బు లేకున్నా ఆ జన్యులోపం మోసేవాళ్లు) అయితేనే బిడ్డకు మేజర్ వచ్చే భయం. మీవాళ్లు ఆదిలాబాద్ వైపు గిరిజనులైతే సికిల్ సెల్ కూడా చూపించుకోండి.

ఇంకోటి, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది. పుట్టగానే తాడు కత్తిరించకుండా కనీసం ఒక నిమిషం ఆగాలని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది. ఆ రక్తం బిడ్డలోకి వెళ్తే నెలల తరబడి ఐరన్ నిల్వ ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5)లో మన తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. బ్యాంకుకు సంచి నిండాలంటే తాడు తొందరగా కత్తిరించాలనిపిస్తుంది.

మంచిర్యాల సురేష్:
ఈ తాడు సంగతి నేను వినలేదు, ఒప్పుకుంటున్నా. కానీ పబ్లిక్ బ్యాంకు వచ్చేదాకా కలిపి దాచే పద్ధతే మేలన్న నా మాట మీదే ఉన్నా.

హనుమకొండ చందు:
అక్కా, ఆ ఒక నిమిషం సంగతి డాక్టరమ్మను ఎప్పుడు అడగాలి?

కాజీపేట ల్యాబ్ అక్క:
వచ్చే చెకప్‌లోనే అడుగు. ఒప్పుకుంటే కేస్ షీటులో రాయించు. కాన్పు రోజు డ్యూటీలో వేరేవాళ్లు ఉండొచ్చు. బిడ్డకు ఊపిరి అందక వెంటనే చూడాల్సి వస్తే మాత్రం వాళ్ల మాటే వినండి.