ఈ వారం సమస్య: మాట వినని రికార్డరు మనసు దోచె

నిర్వాహకుడు (మైలాపూరు): ఈ పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి, ఛందస్సు తేటగీతి. ‘వినని రి’ నలం (నాలుగు లఘువులు), ‘కార్డరు’ భగణం (ఒక గురువు, రెండు లఘువులు). మాట వినడమే రికార్డరు పని కదా, వినకుండా మనసెలా దోచింది? టేప్ రికార్డరు దగ్గరే ఆగిపోకండి.

వడపళని బాబాయి:
ఎనిమి దగు రంధ్రముల తోడ నింపు మీఱ
కొయ్య గొట్టాన నూపిరి కొంచె మూద
పిట్ట పలుకుల నేర్చిన పిల్ల వోలె
మాట వినని రికార్డరు మనసు దోచె

నిర్వాహకుడు: బాబాయిగారూ, ‘కొంచె మూద’ దగ్గర ఆగిపోయాను. గట్టిగా ఊదితే రికార్డరు అనే ఈ పిల్లనగ్రోవిలాంటి వాద్యం పై స్వరానికి ఎగిరిపోతుంది. ముందు ఏడు రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి, లెక్క సరిపోయింది. పిట్ట పోలిక మరీ బాగుంది. ఇంగ్లీషులో పూర్వం పిట్టలు కూత సాధన చేయడాన్నీ రికార్డ్ అనేవారు.

పెరంబూరు అక్కయ్య:
చెన్నపురిలోన తీర్పులు చెప్పువాడు
కుంఫిణీ దొరలకు నైన గొంకకుండ
న్యాయమున్ దప్ప నే యొక్క నరునిదైన
మాట వినని రికార్డరు మనసు దోచె

(1798లో ఇక్కడ మేయరు కోర్టు తీసేసి రికార్డరు కోర్టు పెట్టారు. సర్ థామస్ స్ట్రేంజ్ తొలి రికార్డరు, అంటే ఆ కోర్టు న్యాయమూర్తి. 1801లో అది సుప్రీం కోర్టయింది. పద్యంలోని న్యాయమూర్తి మాత్రం నా ఊహ.)

నిర్వాహకుడు: ‘మాట వినని’ అన్నదాన్ని సిఫారసు మీదికి తిప్పారు, అదే అసలైన పూరణ! మన ఊరి చరిత్రా కలిసొచ్చింది. ‘కుం–గొం’ యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) కుదిరింది. ‘ఏ యొక్క’ మాత్రం కాస్త పూరకంలా ఉంది, అక్కయ్యగారూ.

మీనంబాక్కం తమ్ముడు: నా మొదటి ప్రయత్నం, తప్పులుంటే దిద్దండి.
ఒకటి గగనాన మాటల నొడిసి పట్టు
వేగ మెత్తులు రెండవ దెపుడు దెల్పు
నల్లపేరుతో నారింజ నగలు దాల్చి
మాట వినని రికార్డరు మనసు దోచె

పెరంబూరు అక్కయ్య: తమ్ముడూ, విమానంలో మాటల పెట్టె వేరు, వేగం, ఎత్తు రాసే పెట్టె వేరు అన్న సంగతినే పట్టుకున్నావు. బ్లాక్ బాక్స్ అంటారు గానీ శిథిలాల్లో కనబడాలని నారింజ రంగు వేస్తారు. ‘నల్లపేరుతో నారింజ నగలు’ నాకు రాకపోయెనే అనిపించింది. రెండో పాదంలో మాత్రం ‘వే’కు ‘దె’ యతి చెల్లదు.

నిర్వాహకుడు: ‘రెండవ పెట్టె దెల్పు’ అంటే సరి. వకార పకారాలకు మైత్రి ఉంది.

మీనంబాక్కం తమ్ముడు: దిద్దుకున్నాను, అక్కయ్యా.

వడపళని బాబాయి: గుండె లయ పట్టడానికి రోజంతా ఛాతీకి తగిలించుకునే హోల్టర్ రికార్డరు కూడా మాట వినదు. దాని మీద ‘గుండె’తో మొదలెట్టాను, రెండో పాదం ఇంకా కుదరలేదు.