బొమ్మల పుస్తకం ఇస్తే పిలకాయలు "కుక్క, చెట్టు" అని ఆగిపోతున్నారు, ఏం చేయాలి?

కావలి టీచర్:
మాది కావలి దగ్గర సముద్రం వైపు ఊరు, ఒకటి రెండు తరగతులు కలిపి నేనే చూస్తా. బడికి వచ్చిన లైబ్రరీ పుస్తకాల్లో అక్షరం ముక్క లేకుండా ఒట్టి బొమ్మలతోనే కథ నడిచేవి కొన్ని ఉన్నాయి. సరదాపడతారని తీశా గానీ, పేజీ తిప్పగానే "కుక్క", "చెట్టు", "వాన" అని పేర్లు చెప్పేసి ముందుకు పోతున్నారు, కథ చెప్పమంటే నా మొహం చూస్తున్నారు. పోనీ నేనే చెప్పేద్దామంటే ఇక ఆ పుస్తకం ఎందుకు? పైగా ఒక పిల్లాడి నాన్న చూసి "దీంట్లో చదివేదానికి ఏముంది మేడమ్" అనేశాడు. వాడినవాళ్లు చెప్పండి, వీటితో నిజంగా చదువు వస్తుందా, కాలక్షేపమేనా?

పొదిలి మాస్టారు:
పేర్లు చెప్పడం తప్పేం కాదు మేడమ్, ఆ వయసులో అట్లాగే మొదలవుతుంది. మెర్సర్ మేయర్ 1969లో వేసిన మాటల్లేని పుస్తకం ఒకటుంది, తప్పిపోయిన కప్పని ఒక పిల్లాడు, వాడి కుక్క వెతుక్కుంటూ పోతారు. రూత్ బెర్మన్, డాన్ స్లోబిన్ అనే పరిశోధకులు దాన్ని అయిదు భాషల పిల్లల చేతికిచ్చి కథ చెప్పించి, తేలిందంతా 1994లో పుస్తకంగా తెచ్చారు. ఏ భాషలోనైనా మూడేళ్లవాళ్లు ఎక్కువగా ఏ బొమ్మకి ఆ బొమ్మే చెప్తారు, తొమ్మిదేళ్లవాళ్లు కప్ప పోయింది కాబట్టి వెతుకుతున్నాడు అని మొదటినుంచి చివరిదాకా కలుపుకొస్తారు. మీవాళ్లు ఆ మధ్యలో ఉన్నారు, అంతే.

ముందు ఏమీ అడక్కుండా పుస్తకం మొత్తం ఒకసారి చూడనివ్వండి, చివర ఏమవుతుందో తెలిస్తేనే మొదటి బొమ్మలో ఏది ముఖ్యమో పట్టుకుంటారు. రెండోసారి "ఇదేంటి" అని మాత్రం అడగొద్దు, అట్లా అడిగితే పేరే వస్తుంది. "ఇందాక ఇక్కడున్నది యాడికి పోయింది", "వీడు మొహం ఎందుకట్లా పెట్టాడు", పేజీ తిప్పబోయే ముందు "ఇప్పుడేం జరుగుద్ది" అని అడగండి. అడిగాక కాసేపు ఆగాలి, మనకి ఆ ఓపికే ఉండదు.

ఉదయగిరి అక్క:
ఒక్క పుస్తకం పట్టుకుని అందరి ముందు నిలబడితే వెనకవాళ్లకి ఏమీ కనపడదు. నలుగురినే కూర్చోబెట్టుకోండి, మిగతావాళ్లకి పలక మీద బొమ్మ వేసే పని ఇవ్వండి. స్మార్ట్ టీవీ ఉంటే పేజీలు ఫొటో తీసి పెట్టుకోవచ్చు.

ఆ నాన్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. పిల్లలు చెప్పింది చెప్పినట్టు బోర్డు మీద రాయండి. "పిలకాయ అడివిలోకి పొయ్యాడు" అంటే అట్లాగే రాయాలి, దిద్దొద్దు. తను అన్న మాటే కాబట్టి వేలు పెట్టి చదివేస్తాడు. ఆయన్ని పిలిచి కొడుకు చేత చదివించండి, ఇంకేం చెప్పక్కర్లేదు.

ఒంగోలు రిటైర్డు:
అన్నీ బానే ఉన్నాయి గానీ, అయిదో తరగతికి వచ్చినా గుణింతాలు రానివాళ్లని చూస్తున్నాం. బొమ్మలు చూస్తే క కి కా కి తేడా తెలుస్తుందా? ముందు అక్షరాలు రానివ్వండి, కథలకేం తొందర.

పొదిలి మాస్టారు:
అక్షరాలు మానేయమని ఎవరూ అనలేదు సార్, ఆ పీరియడ్ దానిదే. 1986లో గాఫ్, టన్మర్ అనేవాళ్లు ఒక లెక్క చెప్పారు: చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాన్ని మాటగా పలకడం ఇంటూ విన్న మాట అర్థం కావడం. కూడిక కాదు, గుణకారం, ఏ ఒక్కటి సున్నా అయినా జవాబు సున్నానే. పాఠం గడగడా చదివి "ఏం అర్థమైంది" అంటే నేల చూపులు చూసేవాళ్లూ మన బడుల్లో తక్కువేం లేరు. బొమ్మల పుస్తకం ఆ రెండోదాని కోసం.

ఎర్రగొండపాలెం:
మా తరగతిలో సగం మంది ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. పాఠ్యపుస్తకం తీస్తే నోరు మెదపనివాళ్లు ఈ పుస్తకం దగ్గర మాత్రం పోటీపడతారు, ముందు పక్కవాడికి లంబాడీలో చెప్పి, తర్వాత నాకు తెలుగులో చెప్తారు. అచ్చులో భాష లేదు కాబట్టి తప్పు చదువుతానన్న భయం లేదు.

పుస్తకాలు చాలకపోతే పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ చూడండి, 2015 నుంచి ఉంది, ఉచితంగా దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. మామూలు కథల పుస్తకమైనా మాటల మీద కాగితం పట్టీ అంటిస్తే సరిపోతుంది. తర్వాత పట్టీ తీసి అసలు కథ చదివితే, "మాదే బాగుంది" అని గొడవ పెట్టుకుంటారు చూడండి!

కావలి టీచర్:
అందరికీ థ్యాంక్స్ అండీ. ఒక్క డౌటు, రెండో తరగతి వాళ్లు ముందే అన్నీ చెప్పేస్తుంటే ఒకటో తరగతి వాళ్లు నోరు తెరవట్లేదు. విడదీయాలా?

ఉదయగిరి అక్క:
విడదీయొద్దమ్మా. పేజీ తిప్పే పని, ముందు చెప్పే వంతు చిన్నవాళ్లకివ్వండి. పెద్దవాళ్లు చిన్నవాళ్లు చెప్పిందానికి కలపాలే తప్ప కొత్తగా మొదలుపెట్టకూడదని షరతు పెట్టండి.