ప్రపోజల్ చివర 'సమాజంపై ప్రభావం' అని అర పేజీ ఉంటుంది కదా, అందులో నిజంగా ఏం రాయాలి?

ప్రశ్న (పీహెచ్‌డీ, రెండో ఏడాది):

అందరికీ నమస్కారం. ఆన్‌లైన్ క్లాసులో పిల్లలు పాఠం వింటున్నారో లేదో వెబ్‌క్యామ్‌లో ముఖం, చూపు బట్టి చెప్పే మోడల్ నా టాపిక్. మూడేళ్ల ఫండింగ్ కోసం ప్రపోజల్ రాస్తున్నాను. పద్నాలుగు పేజీలు అయ్యాయి, చివరి అర పేజీ మిగిలింది. 'టీచర్లకు ఉపయోగపడుతుంది, వెనకబడిన పిల్లల్ని ముందే గుర్తించవచ్చు' అని రాసి చూపిస్తే, బాగుంది పంపించెయ్ అన్నారు మా గైడ్ గారు. ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా వచ్చేసింది.

నిన్న పైలట్ (ముందుగా చిన్నగా చేసి చూసిన ప్రయోగం) రికార్డింగులు చూస్తూ ఒక పాప దగ్గర ఆగిపోయాను. నలభై నిమిషాల క్లాసులో ముప్పై నిమిషాలు ఆ పాపకు ధ్యాస లేదని ఎర్ర గీత పడింది. వీడియో పెట్టి చూస్తే ఆ పాప తల వంచుకుని నోట్సు రాసుకుంటోంది. మిగతా అందరికంటే శ్రద్ధగా వింటున్నది తనే. అప్పటి నుంచి ఆ అర పేజీ చదవబుద్ధి కావడం లేదు. కమిటీ సరే అన్నాక కూడా నేను ఆలోచించాల్సింది ఉందా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1 (ఇరవై ఏళ్లుగా ల్యాబ్‌లో ఉన్నవాణ్ణి):

ఉంది తమ్ముడూ, చాలా ఉంది. మీ కమిటీ చూసింది పైలట్‌లో కూర్చున్న పిల్లల్ని. రేపు మీ మోడల్ ముందు కూర్చోబోయే పిల్లల్ని చూడటం సాధారణంగా వాళ్ల పని కాదు. అమెరికా నిబంధనల్లోనైతే ఇది రాసే పెట్టారు: పరిశోధనలో తేలిన విషయాన్ని తర్వాత వాడటం వల్ల దీర్ఘకాలంలో వచ్చే ఫలితాలను కమిటీ తన పరిధిలోని రిస్కుగా లెక్కపెట్టకూడదు.

నా సంగతి చెబుతాను. టైపింగ్ తీరు బట్టి అలసటను పట్టే పని చేశాం. నైట్ షిఫ్ట్ వాళ్లకు సమయానికి విశ్రాంతి దొరకాలని మా ఆశ. కోడ్ అందరికీ ఇచ్చేశాం. రెండేళ్లకు ఒక కంపెనీ దానితోనే ఉద్యోగులకు మార్కులు వేసి, తక్కువ వచ్చినవాళ్ల షిఫ్టులు కోసేసింది. వేళ్ల నొప్పితో బాధపడే ఒకావిడ మాకు ఈమెయిల్ పెట్టారు. ఒకటే వాక్యం: 'ఈ లెక్క మీదేనా?' జవాబు రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ స్కోర్ ఉద్యోగి స్క్రీన్ మీద కనబడాలా, సూపర్‌వైజర్ స్క్రీన్ మీదా అని మూడేళ్లలో ఒక్క మీటింగులోనూ మేం అనుకోలేదు. మొదటి నెలలో అనుకుని ఉంటే డిజైనే మారిపోయేది.

అందుకే ఎప్పుడు అడుగుతున్నారన్నది ముఖ్యం. కృత్రిమ మేధ పరిశోధకుల పెద్ద సదస్సు న్యూరిప్స్ 2020లో ప్రతి పేపర్‌లోనూ సామాజిక ప్రభావం గురించి రాయమంది. మంచిదే, కానీ పేపర్ రాసే సమయానికి పని అయిపోయి ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో 2020లో మొదలైన ఎథిక్స్ అండ్ సొసైటీ రివ్యూలో ముందు సమాజానికి రాగల ముప్పు ఏమిటో, దానికి ఏం చేస్తారో రాయాలి. ఆ రివ్యూ పూర్తయితేనే గ్రాంటు డబ్బు చేతికొస్తుంది. నాకు అదే సరైన పద్ధతి అనిపిస్తుంది.

జవాబు 2:

అన్నగారూ, మీ బాధ అర్థమైంది. కానీ రెండో ఏడాది విద్యార్థి ఇవన్నీ ముందే ఎలా ఊహించగలడండీ? టెక్నాలజీని సమాజం ఎలా అదుపు చేయాలో పుస్తకం రాసిన డేవిడ్ కాలింగ్రిడ్జ్ 1980లోనే చెప్పాడు కదా: టెక్నాలజీని మార్చడం సులువుగా ఉన్నప్పుడు దాని ఫలితాలు తెలియవు, తెలిసేసరికి అది మార్చలేనంతగా పాతుకుపోతుంది.

జవాబు 1 (మళ్లీ):

నిజమే. అన్నీ ఊహించమని నేనూ అనను. తప్పని తేలినప్పుడు వెనక్కి తీసుకునే వీలు ఉంచుకోమంటున్నాను. మేం లైసెన్స్‌లో ఒక్క షరతు కూడా పెట్టలేదు, పాత వెర్షన్ ఎవరి దగ్గరుందో రాసుకోలేదు. అది ఊహకు అందని విషయమేమీ కాదు.

జవాబు 3 (డేటా పని చేసేదాన్ని):

ఆ నోట్సు రాసుకునే పాపను ప్రపోజల్ మొదటి పేజీలోకి తీసుకురండి. మీ మోడల్ సగటు కచ్చితత్వం ఎంత బాగున్నా ఆ పాప అందులో కనబడదు. 2018లో జాయ్ బులామ్వినీ, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకులు ముఖం చూసి ఆడా మగా చెప్పే సిస్టమ్‌లను విడదీసి కొలిచారు. తెల్లని చర్మం ఉన్న మగవాళ్ల విషయంలో తప్పులు ఎక్కడా 0.8 శాతం దాటలేదు. ముదురు రంగు చర్మం ఉన్న ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక సిస్టమ్‌లో 34.7 శాతానికి చేరాయి. సగటు ఒక్కటే చూసినంతకాలం ఈ తేడా బయటపడలేదు. మీరూ ఇప్పుడే విడదీయండి: రాసుకునేవాళ్లు, మెల్లకన్ను ఉన్నవాళ్లు, చీకటి గదిలో కూర్చున్నవాళ్లు, ఒకచోట కుదురుగా కూర్చోలేని పిల్లలు. ఆ పనికి బడ్జెట్‌లో డబ్బు కూడా రాయండి. మనిషి డీఎన్‌ఏను చదివిన మానవ జీనోమ్ ప్రాజెక్టులో నైతిక, సామాజిక ప్రశ్నల కోసం బడ్జెట్‌లో మొదట 3 శాతం, తర్వాత 5 శాతం పక్కన పెట్టారు. డబ్బు కేటాయించని పనిని చివరికి ఎవరూ చేయరు, ఇది నేను కళ్లారా చూశాను.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ చాలా థాంక్స్. రాత్రి కూర్చుని 'ఏ పిల్లవాడికి ధ్యాస లేదు' అన్న ప్రశ్ననే తీసేశాను. ఇప్పుడు ప్రశ్న 'పాఠంలో ఏ చోట క్లాసు మొత్తం తడబడింది'. అలాగైతే పిల్లల పేర్లు, విడివిడి స్కోర్లు నిల్వ చేయాల్సిన పనే లేదు. మొదటి ఆరు నెలల్లో టీచర్లతోనూ పిల్లలతోనూ కూర్చోవడానికి బడ్జెట్‌లో ఒక వరుస చేర్చాను. గైడ్ గారికి ఆ పాప వీడియో చూపించాను. రెండుసార్లు వెనక్కి తిప్పి చూసి, గడువు సంగతి నేను మాట్లాడతాను, నువ్వు రాయి అన్నారు.