వేసవిలో దేవమాలి గట్టు, కొలాబ్ జలాశయం: ఒక్క రోజులో సాధ్యమేనా?

రాయగడ మిత్రుడు:
మే నెల మొదటి ఆదివారం రాయగడ నుంచి మిత్రులం ఆరుగురం దేవమాలి కొండకు వెళ్లదలచుకున్నాము. ఉదయం గట్టు వెంబడి నడిచి, మధ్యాహ్నం కొలాబ్ జలాశయం ఒడ్డున కాసేపు గడిపి, రాత్రికి ఇల్లు చేరాలన్నది ఆలోచన. నడక ఎన్ని గంటలకు మొదలుపెట్టాలి, నీళ్లు ఎంత మోసుకెళ్లాలి, స్నానానికి జలాశయంలో ఏ వైపు అనువు, భోజనం ఎక్కడ దొరుకుతుంది అన్నవి అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.

సునాబెడ నివాసి:
ఆదివారం తప్ప ఏ రోజైనా వెళ్లండి. 1672 మీటర్లతో ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరమన్న పేరుకు తోడు, వాహనాలకు పైదాకా రోడ్డు కూడా పడటంతో సెలవు రోజుల్లో అక్కడ నడిచేవాడికి చోటు లేకుండా పోయింది. కిందటి వేసవిలో నేను గట్టెక్కి ఊపిరి తీసుకునేలోపే పక్కన ఒక కారు ఆగి, అందులోంచి స్పీకరు, బిర్యానీ డేక్సా, వాటి వెనక పుట్టినరోజు కేకు వరసగా దిగాయి. వాళ్లు వెళ్లాక మిగిలిన ప్లాస్టిక్ పళ్లాలను గాలి లోయలోకి ఈడ్చుకుపోయింది. శుక్రవారం కూడా వద్దు. కుందులి సంతకు వచ్చే బండ్లతో దారి నిండిపోతుంది.

పాడేరు వాస్తవ్యుడు:
ఎత్తు మాట వచ్చింది కనుక చెబుతున్నాను. తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తైనది దేవమాలి అని చాలామంది భ్రమపడుతుంటారు. మా అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అర్మకొండ ఎత్తు 1680 మీటర్లు.

సునాబెడ నివాసి:
నేను ఒడిశాలోకెల్లా అని రాశాను, కనుమల్లోకెల్లా అని రాయలేదు. చదివి జవాబివ్వండి. ఆ 8 మీటర్లూ మీరే భద్రంగా దాచుకోండి.

మాచ్‌ఖండ్ విశ్రాంత ఉద్యోగి:
ఎత్తుల లెక్క ఎవరికి కావాలండీ? అడిగిన వ్యక్తి మే నెల అంటున్నా ఒక్కరూ పిడుగు మాట ఎత్తలేదు. నేను మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో ఉద్యోగ జీవితమంతా గడిపినవాణ్ణి. ఈ విషయంలో నాకు తెలిసినంత ఈ చర్చలో మరొకరికి తెలియదని వినయంగానే మనవి చేస్తున్నాను. వేసవిలో ఉదయమంతా కాగిన నేల నుంచి వేడి గాలి పైకి లేస్తుంది, సముద్రం వైపు నుంచి వచ్చే తేమ దానికి తోడవుతుంది, కొండ ఆ గాలిని ఇంకా పైకి నెడుతుంది. అందుకే పది గంటలకు తేటగా ఉన్న ఆకాశం మధ్యాహ్నం రెండు దాటేసరికి నల్లబడి ఉరమడం మొదలుపెడుతుంది. దేవమాలి పైభాగమంతా గడ్డి, చెట్టన్నది అరుదు, కాబట్టి అక్కడ నిలబడిన మనిషే అన్నిటికంటే ఎత్తుగా ఉంటాడు. పన్నెండు గంటలకల్లా గట్టు దిగి తీరాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు సుమారుగా ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలుస్తుంది. లెక్క 30కి చేరకముందే ఉరిమితే వెంటనే దిగిపోవాలి, చివరి ఉరుము తరవాత అరగంట దాకా మళ్లీ ఎక్కకూడదు.

బరంపురం బాటసారి:
ఫోన్లు స్విచాఫ్ చేయాలన్న ముఖ్యమైన సంగతి మీరు చెప్పలేదు. ఫోను పిడుగును లాగుతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మాచ్‌ఖండ్ విశ్రాంత ఉద్యోగి:
లాగదు. ఫోను తరంగాలకూ పిడుగు వచ్చే దారికీ సంబంధం లేదు. ఫోను చేతిలో ఉండగా పిడుగుపాటుకు గురైనవాళ్లు ఆ సమయంలో చెట్టు కిందో, బయలులోనో నిలబడి ఉన్నారు. అసలు కారణం అది, నింద ఫోనుకు పడింది. ఫోను తెరిచే ఉంచండి. పుణెలోని ఉష్ణదేశ వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ దగ్గరలో పడుతున్న పిడుగులను చూపిస్తుంది.

సునాబెడ నివాసి:
చూపించాలంటే సిగ్నల్ ఉండాలి కదా. గట్టు అవతలి వాలులోకి దిగితే అది ఉండదు.

పర్లాకిమిడి వారసుడు:
ఇంత శాస్త్రం అక్కరలేదు. మహేంద్రగిరికి మా ఇంటివారు తరతరాలుగా నడిచి వెళుతున్నారు. రబ్బరు చెప్పులు వేసుకుని, ఉరిమినప్పుడు అర్జునా, ఫల్గుణా అనుకుంటూ నడిచారు, ఎవరికీ ఏమీ కాలేదు. నిజానికి దేవమాలి కంటే మహేంద్రగిరే మేలు. ఎత్తు 1501 మీటర్లే అయినా పైన భీముడి గుడి, కుంతి గుడి ఉన్నాయి, చోళుల శాసనం ఉంది, చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది.

మాచ్‌ఖండ్ విశ్రాంత ఉద్యోగి:
మేఘం నుంచి నేల దాకా అంత గాలిని చీల్చుకుంటూ వచ్చిన విద్యుత్తుకు అరంగుళం రబ్బరు అడ్డమా? కారులో కూర్చుంటే క్షేమమన్న మాట నిజమే, కానీ ఆ క్షేమం టైర్ల వల్ల కాదు, చుట్టూ ఉన్న ఇనుప తొడుగు వల్ల. పిడుగు నేలను తాకాక కూడా విద్యుత్తు చుట్టూ పాకుతుంది. రెండు పాదాలు ఎడంగా ఉంటే ఒక కాలి నుంచి ఎక్కి రెండో కాలి నుంచి దిగుతుంది. దిగే వీలే లేనప్పుడు పాదాలు దగ్గరకు చేర్చి గొంతుక్కూర్చోవాలి, పడుకోకూడదు, గుంపుగా ఉండకుండా ఒకరికొకరు దూరంగా జరగాలి. ఫల్గుణుణ్ణి తలుచుకుంటే నాకు అభ్యంతరం లేదు, పాదాలు దగ్గరపెట్టి తలుచుకోండి.

పర్లాకిమిడి వారసుడు:
పెద్దల నమ్మకాలను వెటకారం చేయడానికి ఈ చర్చ పెట్టలేదు. ఉద్యోగం చేసిన చోట బహుశా మర్యాద నేర్పలేదేమో.

గుణుపురం ఆడపడుచు:
అన్నయ్యగార్లు ఇద్దరూ కాస్త శాంతించండి. పన్నెండుకల్లా దిగాలంటే చీకటితోనే ఎక్కాలి, నా అభ్యంతరం అక్కడే. ఇప్పపూలు రాలే కాలంలో తెల్లవారుజామున చెట్ల కింద ముందు చేరేది మనిషి కాదు, ఎలుగుబంటి. మే నాటికి పూలు చాలావరకు అయిపోయినా పనస, మామిడి పండుతాయి, చెదపుట్టలు ఎలాగూ ఉంటాయి, కాబట్టి అది తిరగడం మానదు. మా మేనమామ పూలు ఏరడానికి వెళ్లి, పిల్లను వీపున ఎక్కించుకున్న తల్లి ఎలుగు ఎదుట పడ్డాడు. పరుగెత్తకుండా, దానివైపే ముఖం ఉంచి, గట్టిగా మాట్లాడుతూ వెనక్కి అడుగులు వేశాడు కనుక బతికి బయటపడ్డాడు. బాగా తెల్లవారాక ఎక్కండి, మాట్లాడుకుంటూ నడవండి.

హిమగిరి విహారి:
నేను కశ్మీరులో విషన్‌సర్, కృష్ణసర్, గంగాబల్ సరస్సులు చూసినవాణ్ణి, అసలైన పర్వత సరస్సులంటే అవి. మీరు చెబుతున్న కొలాబ్ సరస్సే కాదు, ఆనకట్ట వెనక నిలిచిన నీరు. అయినా కొండ కొండే కనుక, ఎత్తు వల్ల కలిగే తలనొప్పికి ముందురోజు నుంచే మాత్రలు వేసుకోమని నా సలహా.

మల్కన్‌గిరి ఆరోగ్య కార్యకర్త:
దయచేసి ఆ సలహా పాటించకండి. ఎత్తు జబ్బు సాధారణంగా 2500 మీటర్లు దాటాక వస్తుంది, దేవమాలి దగ్గర దాని ప్రసక్తే లేదు. ఈ జిల్లాల్లో భయపడవలసింది మలేరియాకు. సాయంత్రం నీటి ఒడ్డున కూర్చునేటట్లయితే ఒళ్లు నిండా బట్టలు వేసుకోండి. తిరిగి వచ్చిన నెలలోపు జ్వరం తగిలితే ఎండదెబ్బ అనుకుని ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించుకోండి. నీళ్లు మనిషికి మూడు లీటర్లకు తగ్గకుండా ఉండాలి. వాటిలో ఒక లీటరుకు ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. ఉప్పు అంతకు మించకూడదు. పొద్దున్నే చోడి అంబలి తాగి ఎక్కితే ఇంకా మంచిది.

జయపురం ఈతగాడు:
కొలాబ్‌ను చులకన చేయకండి. దిగువకు పోయాక అదే శబరి, కూనవరం దగ్గర గోదావరిలో కలిసేదాకా మన నీళ్లే. కానీ మే నెలలో స్నానానికి ఏ వైపూ అనువు కాదు. నీటిమట్టం తగ్గి ఒడ్డు బయటపడుతుంది, పైన ఎండి పగుళ్లిచ్చిన మట్టి గట్టి నేలలాగే కనబడుతుంది. మా స్నేహితుడు దాని మీద నాలుగడుగులు వేయగానే ఆ పెచ్చు విరిగి తొడల దాకా దిగిపోయాడు. కాలు లాగేకొద్దీ బురద చప్పరించినట్టు చప్పుడు చేసింది తప్ప కాలు రాలేదు. తువ్వాళ్లు ముడివేసి విసిరి, అతణ్ణి వెల్లకిలా వాలమని చెప్పి లాగాము. ఒక చెప్పు ఇంకా అక్కడే ఉంది. నీరున్న చోట మునిగిన చెట్ల మోడులు ఉంటాయి, అవి పైకి కనబడవు.

హిమగిరి విహారి:
సరస్సు కాదు అన్నాను, చులకన చేయలేదు.

పాడేరు వాస్తవ్యుడు:
నీళ్లే చూడాలనుకుంటే జోలాపుట్ జలాశయం ఉంది, సగం మా వైపే.

రాయగడ మిత్రుడు:
అందరికీ ధన్యవాదాలు. ఆదివారం మానేసి బుధవారం వెళతాము. స్నానం సంగతి వదిలేశాము, నీళ్లను దూరం నుంచే చూస్తాము. తెల్లవారాక ఆరున్నరకు నడక మొదలుపెట్టి పదకొండుకల్లా గట్టు దిగుదామనుకుంటున్నాము. భోజనం గురించి మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. మా బండిని కింద ఊళ్లోనే ఆపాలా, రోడ్డున పైకి పంపాలా?

మాచ్‌ఖండ్ విశ్రాంత ఉద్యోగి:
పైకి పంపండి. మీరు నడిచే ఎక్కండి, బండి మాత్రం డ్రైవరుతో పైన సిద్ధంగా ఉండాలి. అనుకున్నదానికంటే ముందే ఉరిమితే ఆ గట్టు మీద తలదాచుకోవడానికి అదొక్కటే ఆధారం. అద్దాలు పూర్తిగా ఎక్కించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. పైకప్పు లేని జీపు తీసుకెళ్లకండి.

గుణుపురం ఆడపడుచు:
భోజనం ఇంటి దగ్గరే కట్టుకోండి. పులిహోర అయితే మధ్యాహ్నం దాకా పాడవదు. పనస తొనలు మాత్రం సంచిలో పెట్టుకుని అడవిలో నడవకండి.