కిట్ లెన్సుతో సరిపెట్టుకోవాలా, ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు మారాలా?

ప్రశ్న

నమస్కారం. నేను మూడేళ్లుగా సరదా కొద్దీ ఫొటోలు తీస్తున్నాను. నా దగ్గరున్నది 24 మెగాపిక్సెళ్ల క్రాప్ సెన్సర్ కెమెరా (వెలుతురును పట్టే సెన్సర్ ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నదిగా ఉండే రకం), దానితోపాటు వచ్చిన 18-55 ఎంఎం కిట్ లెన్సు మాత్రమే. పగటిపూట ఆరుబయట తీసినవి నాకే ముచ్చటగా అనిపిస్తాయి గానీ, సాయంత్రం వేళ ఇంట్లో మా రెండేళ్ల పాపను తీసినప్పుడు మాత్రం పదింట ఎనిమిది చెదిరిపోయి, బొమ్మంతా ఇసుక చల్లినట్లు చుక్కలు చుక్కలుగా వస్తున్నాయి. నాతో కలిసి ఫొటోలకు తిరిగే మిత్రులిద్దరు ఈ మధ్యే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలకు మారారు. వారి ఫొటోల పక్కన నావి పెట్టి చూసుకున్నప్పుడల్లా నా కెమెరా మీద మనసు విరిగిపోతోంది. ఫొటోలు తీసి సంపాదించే ఉద్దేశం నాకు ఇప్పుడూ లేదు, ముందూ ఉండదు. అలాంటప్పుడు పొదుపు చేసిన సొమ్మంతా ఊడ్చి ఖరీదైన సరంజామా కొనడం సబబేనా, లేక లోపం నా చేతిలోనే ఉందా అన్నది అనుభవమున్నవారు మొహమాటం లేకుండా చెప్పగలరు.

సమాధానం 1

కొనుగోలు మాట ఎత్తకముందు, చెదిరిన ఫొటోల్లో ఒకదాన్ని కంప్యూటర్లో పూర్తి పరిమాణంలో తెరిచి చూడండి. ఫొటో వివరాల్లో షట్టర్ వేగం (వెలుతురు పడేలా షట్టర్ తెరిచి ఉండే సమయం) ఎంతని నమోదైందో, మసక బొమ్మలో ఎక్కడెక్కడ ఉందో గమనించండి. పాపతోపాటు వెనకున్న గోడ, తలుపు అంచులు కూడా ఒకే దిక్కుకు సాగినట్లుంటే మీ చెయ్యి కదిలిందని అర్థం. గోడ స్పష్టంగా ఉండి పాప చేతులు, జుట్టు మాత్రమే చెదిరితే కదిలింది పాప. పాప ముఖం మసకగా ఉండి, ఆమె వెనకున్న కుర్చీ మాత్రం గీసినట్లు కనిపిస్తే ఫోకస్ తప్పింది. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. లెన్సులోనో కెమెరాలోనో ఉండే స్టెబిలైజేషన్ మొదటిదాన్ని సరిచేస్తుంది గానీ, పరుగెత్తే పిల్లను నిలబెట్టలేదు.

మీరు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం రెండోదాని మీద. వెలుతురు చాలనప్పుడు కెమెరా షట్టర్ వేగాన్ని తగ్గిస్తుంది, అది కూడా చాలకపోతే ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) పెంచుతుంది. చెదరడానికి మొదటిది కారణమైతే, ఇసుక చల్లినట్లుండడానికి రెండోది కారణం. మీ కిట్ లెన్సును 55 ఎంఎం దగ్గర ఎంత తెరిచినా ఎఫ్ 5.6 దాటదు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకున్నట్లు). ఎఫ్ 1.8 వరకు తెరుచుకునే మామూలు ప్రైమ్ లెన్సు (జూమ్ లేనిది) దానికంటే దాదాపు తొమ్మిదిన్నర రెట్లు ఎక్కువ వెలుతురును లోపలికి రానిస్తుంది కాబట్టి, అదే గదిలో, అదే ఐఎస్ఓ దగ్గర, ఇప్పుడు 1/30 సెకను వస్తున్న చోట 1/250 సెకను సులువుగా దొరుకుతుంది. ఇక ఫుల్ ఫ్రేమ్ సంగతికి వస్తే, 36×24 ఎంఎం ఉండే ఆ సెన్సర్ వైశాల్యం మీ సెన్సర్‌కు రెండుంబావు రెట్లకు కాస్త అటూఇటూగా ఉంటుంది. అంటే, లెన్సు తెరుపు అంతే ఉన్నప్పుడు, సెన్సర్ మార్చడం వల్ల కలిసొచ్చేది ఒక స్టాప్‌కు (వెలుతురు రెట్టింపైతే ఒక స్టాప్) కొంచెం ఎక్కువ. లెన్సు మార్చడం వల్ల కలిసొచ్చేది మూడు స్టాప్‌లకు పైమాట. పైగా క్రాప్ సెన్సర్ కోసం చేసిన లెన్సులు ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో నడిమి భాగానికే సరిపోతాయి కనుక, కెమెరాతోపాటు లెన్సులన్నీ మళ్లీ కొనుక్కోవాలి. ఈ సంగతి కొన్న తర్వాతే చాలామందికి తెలిసొస్తుంది.

ఎఫ్ 1.8 లెన్సు కొన్నా దాన్ని ప్రతిసారీ పూర్తిగా తెరిచి వాడకండి. దగ్గర నుంచి తీసినప్పుడు ఒక కన్ను స్పష్టంగా, రెండో కన్ను మసకగా వస్తుంది, ఎఫ్ 2.2, 2.8 మధ్య ఉంచితే ముఖం మొత్తం నిలుస్తుంది. అంతకంటే ముందు, పైసా ఖర్చు లేని పని ఒకటుంది. పాప ఆడుకునే చాపను కిటికీ పక్కకు జరిపి, ఎదురుగా ఒక తెల్లటి అట్టను నిలబెట్టి, ఆటో ఐఎస్ఓలో కనీస షట్టర్ వేగాన్ని 1/200 సెకనుగా పెట్టి నాలుగు రోజులు తీసి చూడండి. చుక్కలు పడతాయేమోనని బెంగ వద్దు. చుక్కలున్న ఫొటోను సాఫ్ట్‌వేరుతో చాలావరకు శుభ్రం చేయవచ్చు గానీ, చెదిరిన ఫొటోను ఎవరూ బాగుచేయలేరు.

సమాధానం 2

మీ ఇంటి సమస్య వరకు పై సమాధానంతో నాకు పేచీ లేదు. అయితే దాన్ని చదివినవారు "పనితనం ఉంటే పనిముట్టుతో పనేముంది" అనే పాత పాటను అందుకుంటారేమోనన్న భయంతో ఇది రాస్తున్నాను. నేను పక్షుల ఫొటోలు తీస్తాను. 250 ఎంఎం జూమ్‌తో మూడేళ్లు చెరువు గట్టున కూర్చున్నాను. లకుముకి పిట్ట ఎంత దయతలచి దగ్గరికి వచ్చినా బొమ్మలో పెసరగింజంత కనిపించేది. అది పెద్దగా కనిపించాలని ఫొటోను వెడల్పులో మూడో వంతుకు కత్తిరిస్తే 24 మెగాపిక్సెళ్లలో మిగిలేది రెండున్నర పైచిలుకు మాత్రమే. ఫోన్ తెర మీద చూసుకోవడానికి అది చాలు, గోడకు పెట్టుకోవడానికి చాలదు. నీళ్లలోకి దూకే పిట్టను పట్టుకోవాలంటే 1/2000 సెకను షట్టర్ వేగం, దాని వెంటే పరుగెత్తగలిగే ఆటోఫోకస్ కావాలి. ఓపికతో కొంతవరకు నెట్టుకురావచ్చు. ఆ తర్వాత లేని ఫోకల్ లెంగ్త్‌ను (దూరాన్ని దగ్గరగా చూపే ఆ ఎంఎం కొలతను) ఓపిక తెచ్చివ్వదు. చివరికి, ఇంకొకరు వాడిన 150-600 ఎంఎం జూమ్ ఒకటి కొన్నాను. కెమెరా మాత్రం ఆ పాత క్రాప్ సెన్సర్‌దే, ఎందుకంటే ఈ పనిలో చిన్న సెన్సరే నాకు మేలు చేస్తోంది: జూమ్‌ను 600 దగ్గర పెడితే, ఫుల్ ఫ్రేమ్ మీద 900 ఎంఎం లెన్సు చూపించేంత దగ్గరగా అది చూపిస్తుంది.

ఇలాంటి చర్చ ఎక్కడ జరిగినా ఎవరో ఒకరు గొప్ప ఫొటోగ్రాఫర్లను సాక్ష్యానికి పిలుస్తారు. 1916లో, పద్నాలుగేళ్ల వయసులో అమెరికాలోని యోసెమిటీ లోయకు వెళ్లిన ఆన్సెల్ ఆడమ్స్ చేతిలో ఉన్నది కొడాక్ బ్రౌనీ అనే చవక డబ్బా కెమెరా అన్న మాట నిజమే. కానీ అదే మనిషి తర్వాత 8×10 అంగుళాల ఫిల్ము పట్టే భారీ కెమెరాను వెంట మోసుకుని తిరిగాడన్న రెండో సగాన్ని ఎవరూ చెప్పరు. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియే-బ్రెసాన్ ఒక్క 50 ఎంఎం లెన్సుతోనే ఎక్కువ పని చేశాడంటారు, అదీ నిజమే. అయితే ఆ లెన్సు తగిలించిన లైకా కెమెరా ఆ రోజుల్లో చవక వస్తువేమీ కాదు. అది చిన్నది, చప్పుడు లేనిది, వీధిలో ఆయన చేసే పనికి అచ్చంగా అమరినది. కాబట్టి ఖరీదు మాట అటుంచి, మీరు తీసే పనికి మీ దగ్గరున్నది ఎక్కడ చాలడం లేదో వేలు పెట్టి చూపించగలరా అన్నదే నా ప్రశ్న. చూపించగలిగితే కొనండి, చూపించలేకపోతే ఆగండి.

సమాధానం 3

వాడిన లెన్సు కొనే ఆలోచన వస్తే నేను చేసిన పొరపాటు చేయకండి. ఒక పాత 50 ఎంఎం లెన్సు చవగ్గా దొరికిందని మురిసిపోయి తెచ్చుకున్నాక తెలిసింది, ఆ లెన్సులో ఫోకస్ మోటారు లేదని, అలాంటి లెన్సును తిప్పే మోటారు నా ప్రాథమిక స్థాయి కెమెరాలోనూ లేదని. మౌంటు (లెన్సును కెమెరాకు తగిలించే బిగింపు) సరిపోయింది, ఫొటో వచ్చింది, ఆటోఫోకస్ మాత్రం పనిచేయలేదు. కొనే ముందే లెన్సును మీ కెమెరాకు తగిలించి చూడండి. ఒక చివర నుంచి టార్చి వేసి, రెండో చివర నుంచి చూస్తే లోపలి అద్దాల మీద సాలెగూడు పోగుల్లాంటి బూజు ఉంటే కనిపిస్తుంది. కనిపిస్తే మారు మాట్లాడకుండా తిరిగి ఇచ్చేయండి.

ఇంకొక చిన్న మాట. మీ మిత్రుల ఫొటోల్లో మీకు నచ్చుతున్నది కెమెరానా, ఫొటో తీశాక వారు చేసిన దిద్దుబాటా అన్నది తేల్చుకోండి. జెపెగ్ ఫైలులో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ల రా ఫైలులో (కెమెరా దిద్దకుండా దాచే ముడి ఫైలులో) 16,384 ఉంటాయి. నీడల్లోని వివరాలను పైకి తీసేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. రా ఫైళ్లు తీసే సౌకర్యం మీ కెమెరాలోనూ ఉండే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి కూర్చుని, పాడైన ఫొటోల్లో నలభై తెరిచి చూశాను. దాదాపు అన్నింటిలోనూ షట్టర్ వేగం 1/25, 1/40 సెకన్ల మధ్యే ఉంది. ఒకదానిలో గోడ మీది గడియారం అంకెలు చక్కగా చదవడానికి వస్తున్నాయి, చప్పట్లు కొడుతున్న పాప అరచేతులు మాత్రం దూదిపింజల్లా విడిపోయాయి. ఈ ఉదయం చాపను కిటికీ దగ్గరికి జరిపి, 1/200 సెకను పెట్టి ఇరవై తీస్తే పదమూడు నిలిచాయి. ఐఎస్ఓ 1600 దగ్గర చుక్కలు ఉన్నా కంటికి అంతగా ఆనడం లేదు. మిత్రుల్లో ఒకరు దిద్దని ఫైలు పంపించారు. అది నేననుకున్నంత మెరుపుగా లేదని ఇక్కడ రాయడం మర్యాద కాదేమో గానీ, ఉన్న మాట అదే.

కెమెరా మార్చే ఆలోచన ప్రస్తుతానికి మానుకున్నాను. సాయంత్రాల కోసం ఎఫ్ 1.8 లెన్సు ఒకటి తీసుకుందామనుకుంటున్నాను. 35 ఎంఎం మంచిదా, 50 ఎంఎం మంచిదా?

సమాధానం 1

దానికి జవాబు మీ కిట్ లెన్సే చెబుతుంది. జూమ్ రింగును 35 దగ్గర పెట్టి, కదలకుండా చిన్న టేపు ముక్క అంటించి ఒక వారం ఇంట్లో తీయండి. తర్వాతి వారం 50 దగ్గర అంటించండి. క్రాప్ సెన్సర్ మీద 50 ఎంఎం లెన్సు ముఖాలకు అందంగా ఉంటుంది గానీ, చిన్న గదిలో పాప మొత్తం ఫ్రేములో పట్టాలంటే మీ వీపు గోడకు తగులుతుంది. ఏ వారంలో టేపు పీకేయాలని ఎక్కువసార్లు అనిపించిందో ఆ లెన్సును వదిలేయండి.