తియ్యగనుండా, తియ్యనుండా?

కడలిగట్టు: స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు గోడ మీద వేమన పద్యం రాయించాలి. "అనగననగ రాగ మతిశయిల్లుచునుండు" వరకు సాఫీగా వచ్చింది. "తినగ తినగ వేము తియ్యగనుండు" దగ్గర నోరు తడబడుతోంది. సరైన పాఠం ఏది?

గణాలరాయుడు: తడబడదూ మరి, 'గ' ఎక్కువైంది. ఇది ఆటవెలది పద్యం, రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే, అంటే మూడు లఘువులో, గురువు లఘువో. తినగ, తినగ, వేము, తియ్య, నుండు. మీ 'గ' ఉంచితే చివర "గనుండు" మిగులుతుంది. అది జగణం (లఘువు, గురువు, లఘువు), సూర్యగణం కాదు.

పాతప్రతి: "తియ్యనగును" అన్నా గణాలు కుదురుతాయి, పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన తి-తి యతీ చెడదు. ఛందస్సు 'గ'ను గెంటేస్తుంది గానీ ఉండు, అగు తగవు తీర్చదు.

నుంచివిభక్తి: అసలు తగవు అదేనండీ. 'అగు' అంటే చేదు పోయింది. 'ఉండు' అంటే చేదు అలాగే ఉంది, నాలుక మొద్దుబారింది. నా ఓటు రెండోదానికే. "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అని రోజూ అనగా అనగా అదే ఒప్పులా వినిపిస్తుంది. "ఐదేళ్ల నుంచి", "2019 నుంచి" రెంటికీ మనకు ఒకటే 'నుంచి'. ఇంగ్లీషులో అంకె పక్కన ఏళ్లు, నెలలు, గంటలు ఉంటే ఫర్. మొదలైన తేదీనో, సోమవారం లాంటి రోజునో చెబితే సిన్స్. ఇది దిద్దుకున్నవాళ్లు కూడా క్రియను వదిలేస్తారు. 'చేస్తున్నాను'ను 'యామ్ వర్కింగ్'గా మారిస్తే చాలదు, 'హావ్ బీన్ వర్కింగ్' రావాలి.

గణాలరాయుడు: వేమన్నకు ట్యూషన్ సెంటరు పెట్టారే! 'అనగ' అంటే ఇక్కడ పాడగా అని. వ్యాకరణం గొడవ కాదు, రాగం గొడవ.

నుంచివిభక్తి: రాగం దగ్గరే మనం దొరికిపోయేది. మనది అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్ బస్సవుతుంది, ఎగ్ యెగ్గవుతుంది. ఊనిక, అంటే ఒక అక్షరాన్ని నొక్కి పలకడం, మరీను. ఫోటోగ్రాఫ్‌లో మొదటి అక్షరం మీద, ఫొటాగ్రఫర్‌లో రెండో దాని మీద. మనం అన్నీ ఒకే బరువున పలుకుతాం. అర నిమిషం ఆడియో తీసుకోండి. రెండుసార్లు ఊరికే వినండి, మూడోసారి పాఠం చూస్తూ వినండి. తర్వాత గొంతు వెనకాలే అంటూ రికార్డు చేయండి. సరిపోల్చేటప్పుడు ఒక్కటే చూడాలి, పదాల చివర అచ్చు చేరిందా లేదా. అన్నీ ఒకేసారి దిద్దబోతే మాట ఆగిపోతుంది.

పాతప్రతి: పరభాష సాధన అంటే బ్రౌను దొరే. 1817లో మద్రాసు వచ్చాక తెలుగు పట్టి, 1829కల్లా వేమన పద్యాలు ఇంగ్లీషు చేసి అచ్చు వేయించాడు. ఆ సాధన మనలో ఎందరికుంది?

గణాలరాయుడు: దొర సంగతి తర్వాత. 'అగును'కి ప్రతి ఏదో చూపండి.

కడలిగట్టు: పెయింటరు వచ్చేశాడండీ. పోనీ మూడో పాదమే రాయిస్తాను. "సాధనమున పనులు సమకూరు ధరలోన"నా, "ధరణిలో"నా?

గణాలరాయుడు: రెండూ ఇంద్రగణాలే, అక్కడ ఏదైనా కుదురుతుంది.